అమ్మ గడప దాటగానే...

'తలుపు గడియ పెట్టుకో. డాబా ఎక్కొద్దు. తమ్ముణ్ని ఏడిపించకు.' పాతబస్తీలోని హుస్సేనీ ఆలం గల్లీల్లో బజారుకు బయల్దేరే తల్లులు చెప్పే మాటలే ఇవి. పిల్లలూ బుద్ధిగా తలూపుతారు. అమ్మ మలుపు తిరిగిందో లేదో, మెట్ల మీద చప్పుడు! సంక్రాంతి రోజుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. గుల్జార్‌హౌజ్‌లో కొన్న పతంగి చేతిలో ఉంటే, పిట్టగోడ ఎత్తెంతో ఎవరు చూస్తారు?

అమ్మ ముందు ఒకలా, వెనక ఒకలా... ఇదంతా నటనేనా? కాదు. 1989లో అమెరికాలో మైఖేల్ లూయిస్ బృందం 33 మంది మూడేళ్ల పిల్లలతో ఓ ప్రయోగం చేసింది. వీపు వెనక బొమ్మ పెట్టి, 'తిరిగి చూడకూడదు సుమా' అని చెప్పి గదిలోంచి వెళ్లిపోయారు. 29 మంది చూసేశారు. (చూడకుండా కూర్చున్న ఆ నలుగురికీ దణ్ణం పెట్టాలి!) 'చూశావా?' అనడిగితే ఒప్పుకున్నది 11 మందే. ఆశను ఆపుకునే శక్తి ఆ వయసుకి ఇంకా రాదు. మెదడులో ఆ పని చూసే ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది.

అసలు చిక్కు భయంతో వస్తుంది. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ పశ్చిమాఫ్రికాలోని రెండు బడుల్లో ఇలాంటి పరీక్షే పెట్టి, 2011లో ఫలితాలు ప్రచురించారు. ఒక బడిలో దెబ్బలు, రెండోదాంట్లో మందలింపులు. దెబ్బలు తినే పిల్లలే ఎక్కువగా అబద్ధమాడారు. పైగా దాన్ని అతికినట్టు నిలబెట్టుకున్నారు కూడా!

నాన్న గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో 'ఫోన్ రానీ, అబ్బాకి చెబుతా' అన్నదే పెద్ద బెదిరింపు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించినా ఏటా పట్టుబడుతూనే ఉంది. దానికి వేలు తెగితే, భయపడ్డ పిల్లాడు చెయ్యి జేబులో దాచేసుకుంటాడు. అమ్మకి తెలిసేసరికి అది చీము పట్టి ఉంటుంది.

అందుకే గడప దాటే ముందు చెప్పే మాటల్లో ఇంకోటి చేర్చండి: 'ఏం జరిగినా నాకు చెప్పు, కొట్టను.' తిరిగొచ్చాక అడిగేముందు 'నిజం చెబుతానని మాటివ్వు' అనండి. మాటిచ్చిన పిల్లలు నిజం చెప్పే అవకాశం ఎక్కువని తల్వార్ బృందమే 2002లో తేల్చింది. ఉమ్మడి దేవిడీల్లో అయితే వాకిట్లో దాదీ కళ్లు కాపలా ఉండేవి. అంతస్తుకో కాపురమైన ఇళ్లలో ఆ కళ్లు లేవు. డాబా తలుపు తాళంచెవి కింది వాటాలోని ఖాలాకి ఇచ్చి, 'అసర్ నమాజయ్యాక చాచా వస్తాడు, ఆయనతోపాటు పైకి పంపండి' అని పిల్లాడి ముందే చెప్పి వెళ్లండి.