సమాన కూలి అడిగితే పనే దొరకదా?

నాట్ల కాలం దగ్గరపడితే నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఒక మాట బయలుదేరుతుంది. ఎవరు పుట్టించారో ఎవరూ చెప్పరు. ఎవరికి లాభమో మాత్రం అందరికీ తెలుసు. 'మొగోళ్ల లెక్క కూలి గావాల్నంట. అడుగుండ్రి, అడుగుండ్రి. బీహారోళ్లు దిగుతరు, మీరు ఇంట్ల కూసుంటరు.'

ఈ ఒక్క మాట చేసే నష్టం ఇంతా అంతా కాదు. రేటు మాట్లాడటానికి గుంపుగా కదిలిన ఆడవాళ్లు రైతు వాకిలి చేరకముందే మెత్తబడతారు. పోయినేడు రేటుకే తలూపి వెనక్కి వస్తారు. మరుసటి రోజుకు పక్క ఊరికి కూడా అదే రేటు అవుతుంది. పైసా ఖర్చు లేకుండా రెండు ఊళ్ల కూలి పెరగకుండా ఆగిపోతుంది. అందుకే ఈ పుకారు ఏటా వానాకాలంతో పాటే వస్తుంది.

అపోహ: సమాన కూలి అడగబట్టే బయటి ముఠాలు వస్తున్నాయి.

బీహార్, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి నాటు ముఠాలు వస్తున్నమాట నిజం. ఎందుకు వస్తున్నాయో ఒక్కసారి పొలం గట్టు మీద నిలబడి చూస్తే తెలుస్తుంది. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదలగానే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు అందరి మళ్లూ ఒక్కసారే కరిగెట్టుకు వస్తాయి. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు చెరువుల్లోకి చేరగానే నాగర్‌కర్నూల్ వైపూ అదే తంతు. నారు ముదిరితే పిలకలు తగ్గుతాయి, దిగుబడి పోతుంది. అంటే నాలుగు దినాల్లో ఊరంతా నాటు పడాలి. ఊళ్లో ఆడవాళ్లందరూ దిగినా చాలరు. వరి పెరిగినంతగా ఊళ్లో చేతులు పెరగలేదు. పాలమూరు చేతులు చాలా వరకు ఎప్పుడో హైదరాబాదు అడ్డాల మీదికి పోయాయి. ముఠాలు వచ్చింది ఆ ఖాళీలోకి. ఇక్కడి ఆడవాళ్లు నోరు తెరిచినందుకు బీహార్‌లో ఎవరూ రైలెక్కలేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. వచ్చిన ముఠాల్లో ఎక్కువ మంది మగవాళ్లు. నడుం వంచి నాటేయడం ఆడవాళ్ల పని, మగవాడి ఒంటికి అది పడదు, పైగా తేలిక పని అని తరాలుగా చెప్పుకొచ్చారు కదా! ఇప్పుడు అదే మడిలో మగవాళ్లు వంగి వెనక్కి వెనక్కి నడుస్తూ నాటేస్తున్నారు. వాళ్లతో బేరమాడే ఏ రైతూ 'ఇది తేలిక పని' అనడు. ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడతాడు, తిండీ వసతీ చూస్తాడు. పనేమో అదే, బురద కూడా అదే. తేలికతనం మాత్రం ఎటు పోయిందో!

అపోహ: ఆడవాళ్లకూ అంతే ఇవ్వాలంటే ఎవరైనా మగవాణ్ణే పెట్టుకుంటారు.

దీనికి పరీక్ష ఎప్పుడో జరిగిపోయింది, మన దగ్గరే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు దేశం మొత్తం మీద తొలి విడతకు ఎంచుకున్న 200 జిల్లాల్లో నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) రెండూ ఉన్నాయి. ఆడకూ మగకూ ఒకటే రేటు. పనిచేసేవాళ్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని చట్టం పెట్టింది. పుకారే నిజమైతే, గడ్డపార పట్టి మట్టి తవ్వే ఆ పనిలో ఆడవాళ్లు మూడో వంతు కూడా మిగలకూడదు. జరిగింది దానికి తలకిందులు. కొన్నేళ్లకే దేశవ్యాప్తంగా పనిదినాల్లో ఆడవాళ్ల వాటా సగం దాటింది, ఆ తర్వాతా సగానికి కిందికి దిగలేదు.

'అది సర్కారు సొమ్ము, ఎట్లనన్న ఇస్తది' అంటారా? సరే, రైతు సొమ్మే చూద్దాం.

దేవరకొండ వైపు పత్తి చేనుకు పోండి. ఆడవాళ్లు మునుం పట్టి ఏరుతుంటారు. నడుముకు కట్టిన ఒడి నిండగానే గట్టు మీద కుప్ప పోస్తారు. పొద్దు వాలే వేళకు ఎవరి ముల్లె వాళ్లు కట్టుకొని కాటా దగ్గరికి వస్తారు. కొక్కేనికి ముల్లె తగిలిస్తే రైతు కొడుకు ముల్లు చూసి నోటుబుక్కులో పేరు పక్కన కిలోలు రాస్తాడు. 'ఇంకో అర కిలో ఉంటది, మంచిగ చూడు బిడ్డా' అని ఒకామె ముల్లెను మళ్లీ తగిలిస్తుంది. కిలోకు ఇంత అని ముందే మాట అయిపోయింది. ఏరింది ఎవరైనా రేటు మారదు. ఎక్కువ ఏరినవాళ్లకు ఎక్కువ డబ్బు.

అదే చేను, అదే రైతు, అదే ఆడవాళ్లు. కలుపు తీసే నాటికి మాత్రం దినం కూలి. అప్పుడు ఆడకూలి వేరు, మగకూలి వేరు. పత్తి ఏరినప్పుడు లేని తేడా కలుపు దగ్గర ఎక్కడి నుంచి ఊడిపడింది? పనిని కొలిచిన చోట తేడా లేదు. పనిని కొలవకుండా మనిషిని చూసి కూలి కట్టిన చోటే తేడా వస్తుంది. గొడవంతా ఇక్కడే ఉంది. ఆడవాళ్ల బలమూ తెగువా ఇందులోకి తేవడం దండగ.

అపోహ: సమాన కూలి చట్టం ఆఫీసులకే, పొలానికి కాదు.

ఏ పుస్తకంలో చదివారో! 1975 సెప్టెంబర్ 26న ఆర్డినెన్సుగా, మరుసటి ఏడాది చట్టంగా వచ్చిన సమాన వేతన నిబంధన ఇప్పుడు వేతనాల కోడ్‌లో ఉంది. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఆఫీసైనా పొలమైనా ఒకే పనికి, లేదా ఒకే తీరు పనికి, ఆడా మగా అని కూలిలో తేడా చూపకూడదు. 'అయితే మొగోళ్లకు తగ్గించి సమానం చేస్తం' అనే తెలివీ చెల్లదు. సమానం చేసే పేరుతో ఎవరి కూలీ తగ్గించకూడదని పాత చట్టమూ చెప్పింది, కొత్త కోడూ చెప్పింది. 'మాకు గిట్టదు' అన్న వాదనను కూడా సుప్రీంకోర్టు 1987లోనే, బొంబాయిలోని మెకినన్ మెకంజీ కంపెనీ మహిళా స్టెనోగ్రాఫర్ ఆడ్రీ డికోస్టా కేసులో తోసేసింది. ఇచ్చుకోలేకపోవడం ఆడవాళ్లకు తక్కువ ఇవ్వడానికి సాకు కాదంది.

అపోహ: మగవాళ్లది బరువు పని, అందుకే ఎక్కువ.

ఇక్కడ కొంత ఒప్పుకోక తప్పదు. పని నిజంగా వేరైతే కూలి వేరు కావచ్చు. చట్టం కూడా కాదనదు. ధాన్యం బస్తాలు లారీకెత్తే హమాలీకీ, వీపున డబ్బా వేసుకొని ఎండలో మందు కొట్టేవాడికీ ఎక్కువ ఇస్తే దాన్ని వివక్ష అనలేం. పక్కవాడికి పది రూపాయలు ఎక్కువొచ్చిన ప్రతిసారీ అన్యాయం అని లేస్తే అసలు అన్యాయం దగ్గర మాట చెల్లదు. ఎన్ని గంటలు, ఏం పని, ఎవరి పనిముట్లు అన్నది ముందు చూసుకోవాలి. ఎరువుల ధర, కౌలు కట్టి మిగిలేది చూస్తే చిన్నరైతు గోడు కూడా అబద్ధం కాదు.

కానీ ఆ గోడు తీర్చే భారం ఆడకూలీల మీద మాత్రమే ఎందుకు పడాలి? మగకూలి రోజంతా బస్తాలు ఎత్తడు. గంటసేపు ఎత్తి, మిగతా పొద్దంతా ఆడవాళ్ల పక్కనే మునుంలో నిలబడ్డా పొద్దుమీకి మగకూలే తీసుకుంటాడు. ఎత్తిన బస్తాలకు బస్తా లెక్కన ఇవ్వండి, ఎవరూ కాదనరు.

అపోహ: ఆడవాళ్ల వేళ్లు సున్నితం, ఈ పని వాళ్లకు పుట్టుకతోనే వస్తుంది.

పొగడ్తలా వినిపించే అపోహ ఇది, అందుకే మరీ ప్రమాదం. గద్వాల నడిగడ్డలో సంకర పత్తి విత్తనం పండించే చేలల్లో సాయంత్రం ఒక్కో మొగ్గ ఒలిచి, పొద్దున ఒక్కో పువ్వుకు పుప్పొడి అద్దాలి. ఈ క్రాసింగ్ పనికి ఏళ్ల తరబడి ఆడపిల్లలనే, బడి వయసు వాళ్లను కూడా దింపారు. అడిగితే చిన్న వేళ్లు, ఓపిక అన్నారు. పనికి పిలిచేటప్పుడు అది నేర్పు. పైసలిచ్చేటప్పుడు అది 'పుట్టుకతో వచ్చిందే కదా'!

చేనేతలోనూ అంతే. ఆసు పోయడం అంటే అర్ధచంద్రాకారంలో గుచ్చిన మొలల చుట్టూ నూలు పోగును వేల సార్లు చేత్తో తిప్పడం. ఒక్కో చీరకు గంటల తరబడి భుజం ఆడుతూనే ఉండాలి. ఆలేరు వైపు ఇళ్లలో అది ఆడవాళ్లే చేశారు. దాన్ని పని అనలేదు, 'సాయం' అన్నారు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశాకే, 2017లో పద్మశ్రీ వచ్చాకే, ఆ 'సాయం' ఎంత చాకిరీనో లోకానికి తెలిసింది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో నేత, దాని అనుబంధ పనుల్లో ఉన్నవాళ్లలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే. అయినా నేతకాడు అనగానే మగ్గం మీద కూర్చున్న మగమనిషే కళ్ల ముందుకొస్తాడు.

అపోహ: ఆడవాళ్లకు అడిగే ధైర్యం లేదు, అందుకే వెనకబడ్డారు.

ఈ మాట నల్లగొండలో అనడానికే ధైర్యం కావాలి. అప్పటి నల్లగొండ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు పంట దక్కనివ్వలేదు. మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి తుపాకి పట్టారు. ఆ తెలంగాణ సాయుధ పోరాటంలో నడిచిన ఆడవాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో పుస్తకంగా వేసింది. పోరాటం ముగిశాక ఇక ఇంటికి పొమ్మన్నారన్న బాధ అందులో వినిపిస్తుంది. వాళ్లకు తక్కువైంది తెగువ కాదు, చోటు.

బయటి దేశాల్లోనూ కథ ఇదే. ఆస్ట్రేలియాలో సుమారు 4,600 మంది ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. దాని ప్రకారం జీతం పెంచమని ఆడవాళ్లు కూడా మగవాళ్లంతగానే అడుగుతున్నారు. అడిగిన మగవాళ్లలో నూటికి 20 మందికి పెరిగితే, ఆడవాళ్లలో 15 మందికే పెరిగింది. అడగడం నేర్పించే శిక్షణ శిబిరాలు బాగానే నడుస్తున్నాయి. వినడం నేర్పే శిబిరం ఒక్కటీ కనిపించదు. హైదరాబాదు అడ్డా మీద పాలమూరు ఆడమనిషి ఇరవై ఏళ్లు ఇసుక, మాలు మోసినా 'హెల్పరే'. ఆమెతో పాటు వచ్చిన మొగుడు ఐదేళ్లకు మేస్త్రీ. తాపీ చేతికిస్తే కదా ఆమెకు పనితనం ఉందో లేదో తెలిసేది!

ఇక చిల్లర అపోహలు. కాంట్రాక్టు ఉద్యోగికి ప్రసూతి సెలవు ఉండదట: ఉంటుంది, గడిచిన ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. లైంగిక వేధింపుల ఫిర్యాదు రుజువు కాకపోతే కేసు తిరిగి ఆడమనిషి మీదికే వస్తుందట: రుజువు చేయలేకపోవడం తప్పుడు ఫిర్యాదు కిందికి రాదని 2013 చట్టంలోనే రాసి ఉంది. పది మంది లేని దుకాణంలో ఫిర్యాదుకు దిక్కే లేదట: జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది, ఘటన జరిగిన మూడు నెలల లోపు రాసివ్వాలి. ఆడవాళ్లకు ఆడవాళ్లే శత్రువులట: కూలి రేటు కట్టేది ఎవరో చూసి మాట్లాడండి.

ఇంతకీ చేయాల్సిందేమిటి? ఒక్కరే పోయి అడగొద్దు, గుంపుగా పోండి. పనిలో దిగాక అడిగితే లాభం లేదు, దిగకముందే రేటు తేల్చుకోండి. వీలైన ప్రతి పనీ గుత్తకో, సాలు లెక్కకో, కిలో లెక్కకో మాట్లాడుకోండి. కొలవడం కుదరని పని అయితే ఆ రోజు మగకూలి ఎంతో ముందు అడిగి, అక్కడి నుంచి బేరం మొదలుపెట్టండి. గుంపులో చదువుకున్న పిల్ల ఒకతి తేదీ, పని, గంటలు, ఇచ్చిన డబ్బు నోటుబుక్కులో రాయాలి. రేపు కార్మిక శాఖ అధికారి ముందు నిలబడితే మాట కన్నా ఆ పుస్తకమే ఎక్కువ మాట్లాడుతుంది. వకీలు ఫీజుకు భయపడొద్దు. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోన్ చేయండి. ముఠాల పేరు చెప్పి బెదిరిస్తే, ఆ ముఠాకు ఎకరానికి ఎంత ఇస్తున్నారో అడగండి. ఆ రేటే మీ గుత్త రేటు.

రైతులకూ, మేస్త్రీలకూ చెప్పేది ఒక్కటే. కూలి ఖాయం చేసేటప్పుడు 'ఎంతమంది ఆడోళ్లు, ఎంతమంది మొగోళ్లు' అన్న లెక్క పక్కన పెట్టి, పని ఎంతో చెప్పి దానికి రేటు కట్టండి.