దగ్గు రెండు వారాలు దాటితే: క్షయను ముందుగా కనిపెట్టడం గురించి కుటుంబసభ్యులకు

రోగికి క్షయ అని తేలిన రోజున ఇంటివాళ్ళు మమ్మల్ని సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. "మాకు కూడా అంటుకుంటుందా?" అన్నది ఒకటి. "ఇన్నాళ్ళూ ఎందుకు తెలియలేదండీ?" అన్నది రెండవది. మొదటిది భయంతో అడిగేది, రెండవది బాధతో అడిగేది. రెండవ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే మొదటిదానికి సగం జవాబు దొరికినట్టే. అందుకని ముందు దాని సంగతే చూద్దాం.

క్షయ క్రిమి గాలి ద్వారా వ్యాపిస్తుంది. ఊపిరితిత్తుల క్షయ ఉన్న మనిషి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు కంటికి కనిపించని తుంపరలతో పాటు క్రిములు బయటకు వస్తాయి. వాటిని పీల్చిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. చాలామంది శరీరంలో ఆ క్రిమి నిద్రపోతున్నట్టు ఉండిపోతుంది. అలా క్రిమి చేరినవారిలో నూటికి అయిదు నుంచి పది మందికి మాత్రమే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు బయటపడుతుంది. షుగరు వ్యాధి, హెచ్.ఐ.వి., సరైన తిండి లేకపోవడం, పొగతాగడం, మద్యం వంటివి ఉన్నవారిలో, చిన్నపిల్లల్లో ఈ ప్రమాదం ఎక్కువ. జబ్బు మొదలయ్యేటప్పుడు కూడా పెద్దగా ఆర్భాటం ఉండదు. కొద్దిపాటి దగ్గు, సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడటం, ఆకలి మందగించడం, బట్టలు వదులు కావడం. పనిమీద తిరిగే మనిషి వీటిని లెక్కచేయడు. "చలికాలం కదా", "పొలంలో దుమ్ము", "బీడీ మానేస్తే అదే పోతుంది" అనుకుంటూ రోజులు గడిపేస్తాడు.

తప్పంతా రోగిదేనా?

కాదు. ఈ మాట మేము ఊరికే అనడం లేదు. ఈ విషయంపై మన దేశంలోనే ఎంతో విలువైన పరిశోధన జరిగింది.

1955 నుంచి 1958 వరకు దేశవ్యాప్తంగా జరిగిన సర్వేలో, క్షయ పట్టణాల జబ్బు అనే నమ్మకం తప్పని తేలింది. పల్లెల్లోనూ ఇంచుమించు అంతే ఉన్నది. మన రాయలసీమలో మదనపల్లె దగ్గర, క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో ప్రారంభించిన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వైద్యులు కూడా 1950-55 మధ్య చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగి ప్రజలకు పరీక్షలు చేసి క్షయ ఎలా వ్యాపిస్తున్నదో అధ్యయనం చేశారు. అప్పట్లో చాలామంది నిపుణుల ఆలోచన ఏమిటంటే, పల్లె ప్రజలకు జబ్బు ఉన్న సంగతే తెలియదు, మనమే ఎక్స్‌రే బండ్లు వేసుకుని ఇంటింటికీ వెళ్ళి వెతకాలి అని.

బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థకు చెందిన డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ ఈ నమ్మకాన్ని పరీక్షించారు. కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో సర్వేలో క్షయ బయటపడిన వారి ఇళ్ళకు మనుషులను పంపించి మాట్లాడించారు. 1963లో ప్రచురించిన ఆ ఫలితం అందరినీ ఆలోచింపజేసింది. కళ్ళెలో క్రిములు ఉన్నవారిలో దాదాపు అందరికీ తమ ఒంట్లో ఏదో తేడా ఉన్నదని తెలుసు. సుమారు సగం మంది అప్పటికే వైద్యం కోసం బయలుదేరారు, ఎక్కువమంది దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్ళారు. అక్కడ చాలామందికి దొరికింది ఒక దగ్గు మందు సీసా. కళ్ళె పరీక్ష ఎవరూ చేయలేదు.

అరవై ఏళ్ళ కిందటి మాట కదా అనుకోకండి. 2019-21లో దేశమంతటా జరిగిన క్షయ సర్వేలో, లక్షణాలు ఉన్నవారిలో నూటికి 64 మంది అసలు ఏ వైద్యుని దగ్గరకూ వెళ్ళలేదని తేలింది. ఎందుకు వెళ్ళలేదని అడిగితే ఎక్కువమంది చెప్పిన కారణం, పట్టించుకోలేదు అని. ఇక వెళ్ళినవారిలో కూడా కొందరు మెడికల్ షాపులో మందు కొనుక్కుని, తగ్గకపోతే ఇంకో చోట చూపించుకుని, తిరిగి తిరిగి నెలల తర్వాత మా దగ్గరకు వస్తున్నారు. మధ్యలో వాడిన కొన్ని రకాల యాంటీబయాటిక్ మందులు క్షయ క్రిములను కూడా కొంతవరకు అణచివేస్తాయి. నాలుగు రోజులు దగ్గు తగ్గినట్టు అనిపిస్తుంది, తర్వాత మళ్ళీ మొదలవుతుంది. జబ్బు గుర్తించడం ఆలస్యం కావడానికి ఇది ఒక పెద్ద కారణం. కాబట్టి దగ్గు రెండు వారాలు దాటితే మందు మార్చమని కాదు, కళ్ళె పరీక్ష చేయమని అడగండి. డాక్టరుగారు ఏమనుకుంటారో అని మొహమాటపడవద్దు.

ఆలస్యమైతే నష్టం ఎవరికి?

రోగికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కానీ నష్టం అక్కడితో ఆగదు. 1956లో మద్రాసులో క్షయ మందుల పరిశోధనా కేంద్రం ఏర్పడింది. ఆ రోజుల్లో క్షయ రోగిని నెలల తరబడి శానిటోరియంలో ఉంచేవారు. ఇంట్లో ఉంచి మందులిస్తే సరిపోదా అని ఆ కేంద్రం వారు పరీక్షించారు. కొందరు రోగులను శానిటోరియంలో, కొందరిని ఇరుకైన పేద ఇళ్ళలోనే ఉంచి ఒకే రకం మందులు ఇచ్చారు. శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి ఉన్నా, ఏడాది తర్వాత ఫలితాలు దాదాపు సమానంగా వచ్చాయి. తర్వాత అయిదేళ్ళపాటు రెండు వర్గాల కుటుంబసభ్యులనూ గమనించారు. రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల ఇంటివారికి క్షయ ఎక్కువగా రాలేదు. సోకవలసిన వారికి జబ్బు తెలియకముందే, మందులు మొదలుపెట్టకముందే సోకింది.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉన్నది. సరైన మందులు మొదలైన రెండు వారాలకు చాలామంది రోగుల నుంచి వ్యాప్తి బాగా తగ్గిపోతుంది. మందులు మింగుతున్న మనిషి వల్ల కాదు, ఏమీ లేదనుకుంటూ దగ్గుతున్న మనిషి వల్లనే ఇంటికి ప్రమాదం. అందువల్ల రోగికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టి పశువుల కొట్టం పక్కన పడుకోబెట్టే అలవాటు దయచేసి మానండి. క్షయ కంచాల ద్వారా రాదు. మొదటి రోజుల్లో దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవడం, కిటికీలు తెరిచి ఉంచడం, కళ్ళెను మూత ఉన్న డబ్బాలో వేయడం, ఇవి చాలు.

కళ్ళె పరీక్ష సంగతి

కొన్నిచోట్ల తెమడ అంటారు, కొన్నిచోట్ల గళ్ళ అంటారు. 1882 మార్చి 24న జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించారు. అప్పటి నుంచి వందేళ్ళకు పైగా కళ్ళెను గాజు పలక మీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూడటమే ప్రధాన పరీక్షగా ఉండిపోయింది. చవకైన మంచి పరీక్షే. కానీ ఒక లోపం ఉన్నది. ఒక మిల్లీలీటరు కళ్ళెలో దాదాపు అయిదు నుంచి పదివేల క్రిములు ఉంటేనే అది కంటికి దొరుకుతుంది. జబ్బు తొలిదశలో ఉన్నవారిలో, పిల్లల్లో, హెచ్.ఐ.వి. ఉన్నవారిలో అన్ని క్రిములు ఉండకపోవచ్చు. కళ్ళెను ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్ పరీక్ష ఇంకా సూక్ష్మంగా పట్టుకుంటుంది గాని, ఫలితం రావడానికి రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రోగికి అంత ఓపిక ఉండదు, జబ్బుకు అసలే ఉండదు.

2010లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ చిక్కును చాలావరకు తీర్చింది. పెరూ, అజర్‌బైజాన్, దక్షిణాఫ్రికాలతో పాటు మన ముంబయిలో కూడా, క్షయ అనుమానం ఉన్న 1730 మందికి జీన్ ఎక్స్‌పర్ట్ అనే యంత్రంతో పరీక్ష చేశారు. ఈ యంత్రం క్రిమి జన్యుపదార్థాన్ని గుర్తిస్తుంది. సూక్ష్మదర్శినికి దొరకని, కల్చర్‌లో మాత్రమే తేలిన కేసులలో నూటికి 72 మందికి పైగా ఒక్క పరీక్షతోనే బయటపడ్డారు. ఫలితం రెండు గంటలలోపే వచ్చింది. పైగా ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ ఆ క్రిమి మీద పనిచేస్తుందా లేదా అన్నది కూడా తెలిసింది. మందులకు లొంగని క్షయ ఉన్నవారికి మామూలు మందులు నెలలపాటు వాడి విలువైన కాలం పోగొట్టుకునే అవసరం దీనితో తగ్గింది. అదే పద్ధతిలో పనిచేసే ట్రూనాట్ యంత్రం మన గోవాలో తయారైంది. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి చిన్న ఆసుపత్రులకు కూడా అనుకూలం. దానిని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. ప్రభుత్వ క్షయ కేంద్రాలలో ఈ పరీక్షలు ఉచితం.

అయితే ఎంత గొప్ప యంత్రమైనా మీరు ఇచ్చిన నమూనాను బట్టే చెబుతుంది. ఇక్కడ ఇంటివారి సాయం ఎంతో అవసరం. చాలామంది సిగ్గుపడి డబ్బాలో ఉమ్ము వేసి ఇచ్చేస్తారు. ఉమ్ములో ఏమీ తెలియదు. ఉదయం లేచిన వెంటనే, ఏమీ తినకముందు, మంచినీళ్ళతో నోరు పుక్కిలించమనండి. ఇంటి బయట, ఎవరూ లేనిచోట నిలబడి రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, గుండెల్లోతు నుంచి దగ్గి, చిక్కగా వచ్చిన కళ్ళెను డబ్బాలో వేయమనండి. మూత గట్టిగా బిగించి ఆ రోజే తీసుకురండి. ఒకరోజు రాకపోతే మరునాడు ప్రయత్నించవచ్చు. "రాలేదు" అని ఖాళీ డబ్బా తెచ్చినా ఫరవాలేదు, మేము సాయం చేస్తాము. ఉమ్ముతో నింపి మాత్రం తేవద్దు.

రక్తపరీక్షతో మోసపోవద్దు

"టీబీకి రక్తపరీక్ష చేయించాం, నెగెటివ్ వచ్చింది" అని కాగితం చూపించేవారు ఇప్పటికీ ఉన్నారు. రక్తంలో ప్రతిరక్షకాలను చూసి క్షయ ఉన్నదో లేదో చెప్పే కిట్లు ఒకప్పుడు మన దేశంలో విపరీతంగా అమ్ముడుపోయాయి. వాటిపై జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించిన తర్వాత, జబ్బు ఉన్నవారిని లేదని, లేనివారిని ఉన్నదని చెబుతున్నాయని తేలింది. వాటిని వాడవద్దని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2012లో భారత ప్రభుత్వం వాటిని నిషేధించింది. ఎవరైనా అలాంటి పరీక్షకు రాస్తే ఆ డబ్బుతో నాలుగు గుడ్లు, కాస్త పప్పు కొనుక్కోండి. కళ్ళె పరీక్ష ఉచితంగానే చేయించుకోవచ్చు.

ఎక్స్‌రే సంగతి వేరు. పైన చెప్పిన 2019-21 సర్వేలో, ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి వదిలేసి ఉంటే నూటికి 42 మందికి పైగా క్షయ రోగులు దొరకకుండా పోయేవారు. అంటే దగ్గు పెద్దగా లేనివారిలో కూడా జబ్బు ఉండవచ్చు. ఇంట్లో ఒకరికి క్షయ వస్తే మిగిలినవారందరికీ, దగ్గు ఉన్నా లేకున్నా, ఎక్స్‌రే తీయమని మేము అడగడానికి కారణం ఇదే. ఎక్స్‌రేలో మచ్చ కనబడితే అదే క్షయ అని మాత్రం కాదు, మళ్ళీ కళ్ళె పరీక్షతో నిర్ధారించుకోవాలి.

పిల్లలు, తిండి

అయిదేళ్ళలోపు పిల్లలు కళ్ళె ఇవ్వలేరు, మింగేస్తారు. అందుకే ఉదయాన్నే సన్నని గొట్టంతో కడుపులోని ద్రవాన్ని తీసి పరీక్షిస్తారు. ఇప్పుడు మలంతో కూడా జన్యు పరీక్ష చేయవచ్చు. "పుట్టినప్పుడే బి.సి.జి. వేయించాం కదా" అని తల్లులు అంటుంటారు. ఆ టీకా పసిపిల్లలను మెదడుకు వచ్చే క్షయ వంటి భయంకరమైన రూపాల నుంచి కాపాడుతుంది, తప్పక వేయించాలి. కాని 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో మొదలైన పెద్ద పరిశోధనలో, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని తేలింది. టీకా మచ్చ ఉన్నదని పరీక్ష మానుకోకూడదు. జబ్బు లేదని తేలిన పిల్లలకు, ఇంట్లోని మిగతావారికి కూడా, జబ్బు రాకుండా ముందుగా ఇచ్చే మందులు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి మందెందుకని కొందరు తాతయ్యలు, అమ్మమ్మలు ఆపేయిస్తుంటారు. వారికి కూడా విషయం చెప్పి ఒప్పించండి.

తిండి గురించి ఒక కొత్త విషయం. 2019 నుంచి 2022 వరకు జార్ఖండ్‌లో నాలుగు జిల్లాలలో, క్షయ రోగుల ఇళ్ళలో ఉండే పదివేల మందికి పైగా కుటుంబసభ్యులను గమనించారు. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. సగం ఇళ్ళలో కుటుంబసభ్యులకు కూడా నెలనెలా మనిషికి అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. 2023లో ఫలితాలు వచ్చాయి. తిండి అందిన కుటుంబాలలో కొత్తగా క్షయ రావడం నూటికి 39 వంతులు తగ్గింది. బియ్యం, పప్పులతో! రోగికి మాత్రమే పాలు, గుడ్లు పెట్టి, అందరి తర్వాత మిగిలింది తినే తల్లిని మరచిపోయే ఇళ్ళు మనకు చాలా తెలుసు. ఆమెకూ పప్పు కావాలి. రోగికి ప్రభుత్వం ఇచ్చే పోషకాహార భృతిని 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలకు పెంచారు. పేరు నమోదు చేయించి, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వండి.

పెళ్ళి కావలసిన అమ్మాయి ఉన్నదని దగ్గును దాచిపెట్టే కుటుంబాలు ఉన్నాయి. వారి భయం మాకు అర్థమవుతుంది. కళ్ళె పరీక్ష ఫలితం మీకు, వైద్యం చేసేవారికి తప్ప ఇరుగుపొరుగుకు చెప్పే పని లేదు. మామూలు క్షయ ఆరునెలల మందులతో నయమవుతుంది, ఆ తర్వాత పెళ్ళికి, పిల్లలకు అడ్డేమీ లేదు.

వచ్చేవారం రోగిని చూడటానికి వచ్చేటప్పుడు, ఇంట్లో కలిసి ఉంటున్నవారి పేర్లు, వయసు, ఎవరికి ఎన్నాళ్ళుగా దగ్గు ఉన్నదో ఒక కాగితం మీద రాసుకుని రండి. పాత ఎక్స్‌రేలు, చీటీలు ఉంటే పారేయకుండా తీసుకురండి. పిల్లలను కూడా వెంటబెట్టుకుని ఉదయం పూట వస్తే, అందరికీ ఒకేరోజు పరీక్షలు పూర్తవుతాయి.