మౌల్వీ సాబును అడిగారు, డాక్టరును అడిగారా?

గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకునో, కరెంటు పెట్టించుకునో నయమై ఇల్లు చేరిన స్త్రీలు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. మన దేశంలో 2022లో లక్షా 20 వేల మందికి పైగా స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా సోకిందని అంచనా. చికిత్స పూర్తయిన రోజున ఇంటిల్లిపాదీ అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుంటారు. ఆస్పత్రి కాగితాలు బీరువాలోకి చేరతాయి. మళ్ళీ రమ్మన్న తేదీ మాత్రం మరుగున పడిపోతుంది.

ఏడాదికో, రెండేళ్ళకో బట్టలపై రక్తపు మరక కనిపిస్తుంది. ఆమెకు వెంటనే వచ్చే సందేహం, ఇది హైజా, ఇస్తిహాజానా అని. నమాజ్ చదవవచ్చా, రోజా ఉండవచ్చా అని భర్త ద్వారా మౌల్వీ సాబును అడిగిస్తుంది. అది అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ జవాబుతో ఆరాధన సంగతి తేలుతుందే కాని, ఆ రక్తం ఎక్కడి నుంచి వచ్చిందో తేలదు. గర్భసంచి తీసివేసిన స్త్రీకి ముట్టు రాదు. పొత్తికడుపుకు పూర్తిగా కరెంటు పెట్టించుకున్న స్త్రీకి కూడా సాధారణంగా ముట్లు ఆగిపోతాయి. అందువల్ల తిరిగి కనిపించే రక్తాన్ని డాక్టరుకు చూపించి తీరాలి.

అలాగని ప్రతి మరకా క్యాన్సర్ కాదు. కరెంటు వల్ల లోపలి పొర పలచబడి కూడా రక్తం రావచ్చు. ఏది ఏమిటో తేల్చవలసింది డాక్టరే. దుర్వాసనతో తెల్లబట్ట, కలయిక తర్వాత రక్తం, నడుములో లేక తొడలో తగ్గని నొప్పి, ఒక కాలు మాత్రమే వాయడం, కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని దగ్గు, ఇవి కనిపిస్తే వాయిదా తేదీ కోసం ఆగకూడదు.

ఈ వ్యాధి తిరగబెడితే చాలావరకు మొదటి రెండు మూడేళ్ళలోనే తిరగబెడుతుంది. అందుకే తొలి రెండేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ పై మూడేళ్ళు ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి, తర్వాత ఏటా ఒకసారి రమ్మంటారు. అక్కడ డాక్టరు బాధలు అడిగి తెలుసుకుంటారు, కడుపు, లోపలి భాగం చేత్తో పరీక్షిస్తారు. ప్రతిసారీ స్కానింగ్ అక్కరలేదు, అనుమానం వస్తేనే రాస్తారు. వ్యాధి పొత్తికడుపులోనే, చిన్నదిగా ఉన్నప్పుడు దొరికితే మళ్ళీ నయమయ్యే అవకాశం ఉంది. మొదట ఆపరేషన్ మాత్రమే జరిగినవారికి కరెంటు పెట్టవచ్చు, కరెంటు పెట్టినవారిలో కొందరికి పెద్ద ఆపరేషన్ చేయవచ్చు. ఊపిరితిత్తులకో, ఎముకలకో పాకిన తర్వాత ఆ దారులు చాలావరకు మూసుకుపోతాయి.

మన స్త్రీలను ఆపేది ముఖ్యంగా సిగ్గు. హయా మంచి గుణమే, కాని ప్రాణానికి ముప్పు తెచ్చే మౌనం హయా కాదు. స్త్రీ డాక్టరు కావాలని ముందుగానే అడగవచ్చు. దొరకని పక్షంలో అవసరమైనంత మేరకు పురుష డాక్టరు పరీక్షించడాన్ని ఉలమాలు అనుమతించారు. భర్త చనిపోయి ఇద్దత్‌లో ఉన్న స్త్రీ కూడా వైద్యం కోసం ఇల్లు దాటవచ్చు. నాలుగు నెలల పది రోజులు గడవనిద్దామని వాయిదా వేస్తే ఒక పరీక్ష పూర్తిగా తప్పిపోతుంది. రమజాన్‌లో తేదీ పడితే రోజా సంగతి ముందుగా ఆలింను అడిగి తెలుసుకోండి, అంతేకాని తేదీ వదులుకోవద్దు.

వీలైనంతవరకు చికిత్స జరిగిన ఆస్పత్రికే వెళ్ళడం మేలు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆస్పత్రి అయినా, విశాఖలోని హోమీ భాభా ఆస్పత్రి అయినా, పాత రికార్డు ఉన్నచోట మార్పు త్వరగా తెలుస్తుంది. పెళ్ళిళ్ళ తేదీలు రాసుకునే గోడ క్యాలెండరు మీదే అమ్మీ పరీక్ష తేదీ కూడా రాయండి. ఆ రోజున తోడుగా వెళ్ళే బాధ్యత కొడుకులు, అల్లుళ్ళు తీసుకోవాలి. ఒంటరిగా ఆస్పత్రికి పోలేక ఆగిపోయే తల్లులు మన ఇళ్ళలో ఉండకూడదు.