కంప్యూటరు సాక్ష్యము – వేలిముద్రయు నిజమును

బాన్సువాడ అంగడివీధిలో ఒక రాత్రి దొంగతనము జరిగినదనుకొందము. దుకాణపు కెమెరాలో ఒక మనిషి రూపము చిక్కినది. ఆ దృశ్యమును పెన్‌డ్రైవులోనికి ఎక్కించి న్యాయస్థానమునకు తెచ్చిరి. దానిని నమ్మవచ్చునా? ఒక మనిషి జైలుకు పోవునా, ఇంటికి పోవునా అనునది ఈ ప్రశ్నకు వచ్చు సమాధానముపై ఆధారపడి యున్నది.

ఒకప్పుడు మన దేశములో కొన్ని పెద్ద కేసులలో జ్యూరీ, అనగా సామాన్య పౌరుల బృందము, నిజానిజములు తేల్చెడిది. 1959లో బొంబాయిలో విచారించిన నానావతి కేసులో జ్యూరీ నిర్ణయమును హైకోర్టు త్రోసివేసెను. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటు లేకపోయినది. నేడు ఆ భారము న్యాయాధిపతిదే. అయితే ఫైలు లోపలి మార్పు ఆయన కంటికి మాత్రము కనబడునా?

ఇక్కడ గణితము తోడ్పడును. ఫైలులోని సమాచారమంతయు 0, 1 అను అంకెల వరుసయే. ఈ వరుసను 'హాష్' అను గణితప్రక్రియకు లోబరచినచో ఒక సంఖ్య వచ్చును. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఫైలు ఎంత పెద్దదైనను ఫలితము 256 బిట్లే. మూలములో ఒక్క అక్షరము మారినను ఫలితము పూర్తిగా మారిపోవును. కావున దీనిని ఫైలు వేలిముద్ర యనవచ్చును. స్వాధీనము చేసికొన్ననాటి విలువయు, విచారణనాటి విలువయు ఒక్కటే యైనచో నడుమ ఫైలు మారలేదని తెలియును.

2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఇచ్చు ధ్రువపత్రములో హాష్ విలువ చూపవలెను. ఆ పత్రములో ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-1 పద్ధతుల పేర్లును గలవు. కాని ఎండీ5లో 2004లోను, ఎస్‌హెచ్‌ఏ-1లో 2017లోను, వేరువేరు ఫైళ్లకు ఒకే విలువ వచ్చునట్లు శాస్త్రజ్ఞులు చేసి చూపిరి. కావున ఏ పద్ధతి వాడిరో అడిగి తెలిసికొనుట అవసరము.

హాష్ సరిపోయినంత మాత్రమున లోపలిది నిజమగునా? కాదు. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు 2009 జనవరి 7న, లెక్కలలో చూపిన 5,040 కోట్ల రూపాయల నిల్వలు లేనివేనని లేఖలో ఒప్పుకొనెను. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానము ఆయనను దోషిగా నిర్ణయించెను. అప్పీలుపై శిక్ష నిలుపబడినది. అట్టి లెక్కల ఫైలుకు హాష్ కట్టినచో అది అబద్ధమునే భద్రముగా కాపాడును. అబద్ధము బయటపడవలెనన్న బ్యాంకు స్వంత రికార్డుతో పోల్చి చూడవలెను.

కావున అడుగవలసిన ప్రశ్నలు మూడు. ఫైలు ఎక్కడినుండి వచ్చినది? నడుమ మారినదా? మొదటనే నిజము నమోదైనదా? హాష్ జవాబు చెప్పునది రెండవదానికే. దుకాణపు కెమెరా గడియారము ఒక గంట వెనుకబడి యున్నచో, ఏ హాష్ విలువయు ఆ తప్పును పట్టి చూపజాలదు. ఆ గడియారమును పరీక్షించినారా యని అడుగువాడు మనిషియే కావలెను.