పాచిపై లేసర్ వెలుగు

చెరువు మెట్లపై పట్టు జారుడు పొరను, తెల్లవారుజామున పండ్లపై ఉండు జిగటను తెలుగువారు ఒకే మాటతో పిలుతురు; రెండును పాచియే. ఈ పిలుపు శాస్త్రమునకు చాల దగ్గరగా నున్నది. మెట్లపై నాచు కూడ కలిసియుండును గాని, సూక్ష్మజీవులు ఒక తావును పట్టుకొని, తామే స్రవించిన జిగురులో గుంపులుగా కాపురముండుట రెండింటను కానవచ్చును. శాస్త్రజ్ఞులు దీనిని బయోఫిల్మ్ అందురు. జీవపొర అని మనము చెప్పుకొనవచ్చును.

ఈ పొర మొండితనమును హాలండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ ఏనాడో గమనించెను. 1684లో ప్రచురింపబడిన లేఖలో, తాను పండ్లకు పట్టించిన వెనిగర్ పాచి పైభాగమందలి జీవులనే చంపినదనియు, లోపలికి చొరలేదనియు ఆయన వ్రాసెను. నేటి యాంటిబయాటిక్ మందుల చిక్కు కూడ ఇంచుమించు ఇదే. జిగురులో మందు నెమ్మదిగా ఇంకును. అడుగున ఆహారము చాలక మందగించిన జీవులపై, పెరుగుచున్న జీవులను కొట్టు మందు పనిచేయదు. విడి జీవులను చంపు మోతాదునకు వందల రెట్లు వాడినను పొరలోనివి బ్రతుకుట కలదు. మధుమేహ రోగుల మానని పుండ్లలోను, మూత్రపు గొట్టములపైనను, కృత్రిమ కీళ్లపైనను ఈ పొర పట్టినప్పుడు రోగికి కలుగు కష్టము సామాన్యమైనది కాదు; అమర్చిన కీలునే తీసివేయవలసి వచ్చిన సందర్భములు కలవు.

అందుచేత వైద్యులు వెలుగు వైపు చూచుచున్నారు. లేసర్ 1960లో పుట్టినది. వెలుగుతో సూక్ష్మజీవులను చంపు విద్య అంతకంటె పాతది. మ్యూనిక్ నగరమున ఆస్కార్ రాబ్ అను వైద్యవిద్యార్థి, ఒక రంగు కలిపిన నీటిలోని ఏకకణజీవులు వెలుగు సోకినప్పుడు త్వరగా చచ్చుటను కనుగొని 1900లో ప్రకటించెను.

నేటి పద్ధతి దానికి వారసురాలు. చిగురు సందులో మిథిలీన్ బ్లూ అను నీలిరంగును పూసి, కొన్ని నిమిషములు ఆగి, సన్నని తీగవంటి గాజునాళము ద్వారా సుమారు 660 నానోమీటర్ల ఎర్రని లేసర్ కాంతిని పంపుదురు. రంగు ఆ కాంతిని గ్రహించి, ప్రక్కనున్న ఆక్సిజన్‌కు శక్తినిచ్చును. ఇట్లు రెచ్చిన ఆక్సిజన్ క్షణములో స్వల్పభాగము మాత్రమే నిలుచును. ఆ లోపలనే జీవి పైపొరను, చుట్టునున్న జిగురును కూడ దెబ్బతీయును. ఒకే చోట గాక పలుచోట్ల కొట్టుటచే, మందులకు లొంగని జీవులును దీనికి లొంగుచున్నవి. రంగు లేకుండ, అతిస్వల్పకాలపు లేసర్ తాకిడులతో పొరను అదరగొట్టి ఊడదీయు పద్ధతి మరియొకటి కలదు. అది ఎక్కువగా ప్రయోగశాలలలోనే పరీక్షింపబడుచున్నది.

అయితే ఎర్రని కాంతి శరీరములో కొన్ని మిల్లీమీటర్లకు మించి చొరలేదు. రంగు చేరని చోట వెలుగు చేరినను ఫలితము లేదు. చిగుళ్ల వ్యాధిలో గార తీయించిన పిమ్మట దీనిని అదనముగా వాడుదురు. పరీక్షలలో కనబడిన లాభము ఒక తీరున లేదు, పెక్కింట స్వల్పమే. కావున ఒక్క పూటలో చిగుళ్లు బాగుపడునను ప్రకటనలను నమ్మరాదు. పాచి మరునాటికే మరల పట్టనారంభించును గదా! బజారులో దొరకు లేసర్ పరికరములను నోటిలోను, పుండుపైనను ప్రయోగించుట ప్రమాదకరము. కంటికి సోకినచో చూపే పోవచ్చును. మధుమేహ రోగి కాలిపుండు విషయమున చచ్చిన కండను తీయించుటయు, చక్కెరను అదుపులో నుంచుటయు ముందు జరుగవలెను. వెలుగు కొరకు వేచియుండరాదు.

చికిత్స జరుగునప్పుడు రోగియు వైద్యుడును ప్రత్యేకమైన కళ్లద్దములు ధరింతురు. నీలిరంగు కొంతసేపు చిగుళ్లపై నిలిచి, క్రమముగా పోవును.