లాప్‌టాప్‌కు బయటి గ్రాఫిక్స్ కార్డు: ఎవరికి లాభం, ఎలా అమర్చుకోవాలి?

పిల్లలు యానిమేషన్, ఆర్కిటెక్చర్, ఇంజనీరింగ్ కోర్సుల్లో చేరిన రెండో ఏడాదికి మన ఇళ్లలో చాలాచోట్ల వినిపించే మాట ఒకటుంది: "నాన్నా, ఈ లాప్‌టాప్ సరిపోవడం లేదు." డెబ్బై వేలు పోసి కొని రెండేళ్లు కూడా కాలేదు. పాఠాలు వినడానికి, ప్రాజెక్టు రిపోర్టు రాయడానికి చక్కగా పనిచేస్తుంది. త్రీడీ బొమ్మను రెండర్ చేయమంటే మాత్రం ఫ్యాను రొద తప్ప పని ముందుకు సాగదు. డెస్క్‌టాప్‌లోనైతే మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి తెచ్చి బిగించుకోవచ్చు. లాప్‌టాప్‌లో ఆ వీలు దాదాపు ఉండదు.

అందుకున్న మూడో దారే బయటి గ్రాఫిక్స్ కార్డు. యానిమేషన్ చదువుతున్న మా అమ్మాయి కోసం నేను ఈ పద్ధతి ఎంచుకున్నాను. అమర్చే ముందు, అమర్చాక తెలుసుకున్న సంగతులు మన కుటుంబాలకు పనికొస్తాయని రాస్తున్నాను.

ఇది ఎలా పనిచేస్తుంది?

డెస్క్‌టాప్‌లో వాడే మామూలు గ్రాఫిక్స్ కార్డునే ఒక ప్రత్యేకమైన పెట్టెలో బిగిస్తారు. దీన్ని ఎన్‌క్లోజర్ అంటారు. దీనికి సొంత పవర్ సప్లై, ఫ్యాన్లు ఉంటాయి. ఒకే ఒక కేబుల్‌తో ఈ పెట్టెను లాప్‌టాప్‌కు కలుపుతాం. చాలా పెట్టెలు అదే కేబుల్ మీద లాప్‌టాప్‌ను చార్జ్ కూడా చేస్తాయి.

దీని బలం, బలహీనత రెండూ ఆ కేబుల్‌లోనే ఉన్నాయి. మనకు తెలిసిన పోలికలో చెబుతాను. డెస్క్‌టాప్‌లో కార్డుకు, ప్రాసెసర్‌కు మధ్య 16 లేన్లుంటాయి. అంటే 16 కౌంటర్లున్న పెద్ద బ్రాంచి అనుకోండి. బయటి పెట్టెకు దక్కేవి 4 లేన్లే. అది ఎక్స్‌టెన్షన్ కౌంటర్ లాంటిది. థండర్‌బోల్ట్ 3, 4 కేబుళ్ల మొత్తం వేగం సెకనుకు 40 గిగాబిట్లు. అందులో కార్డు వాటాకు వచ్చేది 32 గిగాబిట్లకు మించదు. డెస్క్‌టాప్‌లో నాలుగో తరం స్లాటుకు ఇది సుమారు 250 గిగాబిట్లు.

అయితే మనకు నష్టమెంత? అది పనిని బట్టి ఉంటుంది. ఒకేసారి పెద్ద కట్ట లోపలికి పంపి, లెక్కంతా లోపలే జరిగే పనులకు నాలుగు కౌంటర్లు చాలు. రెండరింగ్ ఇలాంటిదే. బొమ్మ మొత్తం ఒకసారి కార్డు మెమరీలోకి వెళితే, తర్వాత కేబుల్‌కు పెద్దగా పని ఉండదు. ప్రతి క్షణం చిన్నచిన్న వోచర్లు అటూఇటూ తిరిగే పనులకు మాత్రం క్యూ కడుతుంది. వేగంగా కదిలే ఆటలు అలాంటివి. కార్డు ఎంత ఖరీదైనదైతే అక్కడ నష్టం అంత ఎక్కువగా కనబడుతుంది.

ముందుగా చూడాల్సింది లాప్‌టాప్ పోర్టు

టైప్-సీ పోర్టు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. మా సహోద్యోగి ఒకరికి దుకాణంవారు "టైప్-సీ ఉంది కదా, పనిచేస్తుంది" అని పెట్టె అమ్మేశారు. ఆ పోర్టు చార్జింగుకు, పెన్‌డ్రైవ్‌కు మాత్రమే పనికొచ్చేది. మనకు కావలసింది థండర్‌బోల్ట్ 3, 4 లేదా 5 పోర్టు. యూఎస్‌బీ4 పోర్టుల్లోనూ చాలావాటితో పని జరుగుతుంది. కానీ ఆ ప్రమాణంలో గ్రాఫిక్స్ కార్డుకు కావలసిన సదుపాయం తప్పనిసరి కాదు కాబట్టి విడిగా నిర్ధారించుకోవాలి. పోర్టు పక్కన మెరుపు గుర్తు ఉన్నా దాన్నే నమ్మకండి, చార్జింగుకూ అలాంటి గుర్తే వేస్తారు. లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో వివరాలు చూడటమే సరైన పద్ధతి.

ఆపిల్ వాడేవారికి ఒక మాట. 2018లో వచ్చిన హై సియెరా 10.13.4 నుంచి ఇంటెల్ మ్యాక్‌బుక్‌లకు ఈ సౌకర్యం ఇచ్చారు. 2020 చివర్లో వచ్చిన ఎం1 నుంచి, ఆపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌బుక్‌లకు దాన్ని ఇవ్వలేదు.

పెట్టె, కార్డు ఎంపిక

మూడు కొలతలు చూడాలి. మొదటిది కార్డు పొడవు, మందం: పెట్టెలో పట్టాలి. రెండోది కరెంటు. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకు 170 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060కు 115 వాట్లు కావాలి. లాప్‌టాప్ చార్జింగుకు 100 వాట్ల దాకా కలుపుకోండి. ఆపైన కొంత మిగులు ఉండే పవర్ సప్లై తీసుకోవాలి. మూడోది కార్డు మెమరీ. రెండరింగుకు ఇది ముఖ్యం. 4060 కొత్త తరానిదే అయినా 8 జీబీతో వస్తుంది, 3060లో 12 జీబీ రకం దొరుకుతుంది. బరువైన త్రీడీ బొమ్మలు చేసేవారికి రెండోదే నయం కావచ్చు.

అమర్చే క్రమం

ముందు లాప్‌టాప్ బయోస్, థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్, విండోస్ అప్‌డేట్లు పూర్తి చేయండి. ఈ మెట్టు దాటవేస్తే తర్వాత వచ్చే చిక్కులకు కారణం తెలుసుకోవడం కష్టం.

పెట్టెకు కరెంటు ప్లగ్గు తీసి మూత తెరవండి. చేతిలోని స్టాటిక్ విద్యుత్తు పోయేందుకు లోహపు భాగాన్ని ఒకసారి తాకండి. కార్డును అంచులతో పట్టుకుని, స్లాటులో టక్కుమనే దాకా నిదానంగా నొక్కండి. స్క్రూ బిగించి, పవర్ వైర్లు కలిపి, మూత వేయండి.

తర్వాత ప్లగ్గు పెట్టి, పెట్టెతో వచ్చిన కేబుల్‌తోనే లాప్‌టాప్‌కు కలపండి. థండర్‌బోల్ట్ 3 కాలపు పొడవాటి మామూలు కేబుళ్లలో వేగం 40 నుంచి 20కి పడిపోతుంది. కొత్త పరికరాన్ని అనుమతించాలా అని లాప్‌టాప్ అడిగితే అనుమతించండి. కార్డు కంపెనీ సైటు నుంచి డ్రైవర్ వేసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి.

విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అనే వరుసలో వెళ్లి, మీ సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ సామర్థ్యం ఉన్న కార్డును ఎంచుకోండి. బ్లెండర్ వాడేవారు ప్రిఫరెన్సెస్‌లోని సిస్టమ్ పేజీలో కూడా కొత్త కార్డును టిక్ చేయాలి. లేకుంటే కార్డు ఉన్నా పని ప్రాసెసర్ మీదే పడుతుంది.

మానిటర్ ఉంటే దాని వైరును లాప్‌టాప్‌కు కాకుండా నేరుగా కార్డుకే పెట్టండి. లాప్‌టాప్ తెరనే వాడితే, తయారైన బొమ్మలు మళ్లీ అదే కేబుల్ మీద వెనక్కి రావాలి. ఉన్న నాలుగు కౌంటర్ల మీద ఇంకొంత భారం పడుతుంది.

డివైస్ మేనేజర్‌లో కార్డు పక్కన పసుపు గుర్తుతో కోడ్ 12 అని కనిపిస్తే, కార్డు చెడిపోయిందని కంగారుపడకండి. లాప్‌టాప్ దానికి కేటాయించే వనరులు చాలలేదని అర్థం. ఇతర పరికరాలు తీసేసి రీస్టార్ట్ చేయడం, బయోస్ అప్‌డేట్ చేయడం తరచుగా పనిచేస్తాయి.

జాగ్రత్తలు

కార్డు పనిలో ఉండగా కేబుల్ లాగకూడదు. తీసేయాలంటే లాప్‌టాప్ షట్‌డౌన్ చేసి తీయడం అన్నిటికన్నా క్షేమం. పెట్టెను ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే పెట్టండి. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది కాబట్టి ముందు లెక్క వేసుకోండి. చుట్టూ గాలి ఆడే చోటుండాలి, పుస్తకాల అలమరలో దాచకూడదు.

మరో ముఖ్యమైన మాట. బ్యాంకు ఇచ్చిన లాప్‌టాప్‌కు దీన్ని కలపవద్దు. అది మన సొత్తు కాదు. బయటి పరికరాలు, డ్రైవర్లు దాని భద్రతా నిబంధనలకు విరుద్ధం. పిల్లల ప్రాజెక్టు ఎంత అత్యవసరమైనా సరే.

ఎవరు కొనాలి, ఎవరు కొనకూడదు?

పెట్టె, కార్డు రెండూ కలిపితే ఒక మోస్తరు డెస్క్‌టాప్ ధరకు చేరువవుతుంది. ఒకేచోట కూర్చుని పనిచేసేవారికి, కేవలం ఆటల కోసం అడిగేవారికి అదే డబ్బుతో డెస్క్‌టాప్ ఎక్కువ ఫలితమిస్తుంది. లాప్‌టాప్ ఇంకా కొననివారు గ్రాఫిక్స్ చిప్ ఉన్నదే చూసుకోవచ్చు. తేలికపాటి లాప్‌టాప్ ఇప్పటికే ఉండి, దానికి సరైన పోర్టు ఉండి, కాలేజీకి రోజూ తీసుకెళుతూ, బరువైన పని ఇంట్లోనే చేసేవారికి ఇది బాగా సరిపోతుంది. ట్రాన్స్‌ఫర్ల మీద తిరిగే మనకు పెట్టె ఒక సంచిలో పట్టడం కూడా లాభమే. రేపు లాప్‌టాప్ మార్చినా, పోర్టు కుదిరితే పెట్టె, కార్డు అవే పనికొస్తాయి.

మా ఇంట్లో రాత్రి మొదలుపెట్టి పొద్దున చూసుకునే రెండరింగులు ఇప్పుడు భోజనం చేసి లేచేసరికి అవుతున్నాయి. అమ్మాయి ఒక బొమ్మను నాలుగు రకాలుగా వెలుతురు మార్చి చూసుకోగలుగుతోంది. మీ పిల్లలు అడిగినప్పుడు ఔననో కాదనో వెంటనే అనేయకుండా, ముందు లాప్‌టాప్ తిరగేసి మోడల్ నంబరు రాసుకోండి. సొసైటీ లోను దరఖాస్తు సంగతి ఆ తర్వాత.