ఒక పడుగు... మూడు పెళ్లిచీరలు!

పెళ్లి కుదిరిందంటే ఇంట్లో మొదటి లెక్క బంగారానిది. రెండోది ముహూర్తం పట్టుచీరది. కర్నూలు, కడప జిల్లాల్లో చాలా కుటుంబాలు ఈ రెండింటికీ పసిడిపురిగా పేరుపడ్డ ప్రొద్దుటూరు వైపే చూస్తాయి. కొట్లో వంద చీరలు పరిచి చూపిస్తారు. రంగు నచ్చితే అంచు నచ్చదు, రెండూ నచ్చితే ధర అందదు! అక్కడి నుంచి బస్సెక్కితే జమ్మలమడుగు ఎంతో దూరం లేదు. ఆ చుట్టుపక్కల మోరగుడి, దొమ్మరనంద్యాల లాంటి ఊళ్లలో పట్టుచీరలు నేసే మగ్గాలున్నాయి. ఒంటిమిట్ట దగ్గరి మాధవరం కూడా నేతకు పేరున్న ఊరే. కోరిన రంగులో, కోరిన అంచుతో పెళ్లిచీర నేయించుకోవడం డబ్బున్నవాళ్లకే అనుకుంటాం. మగ్గం లెక్క తెలిస్తే మధ్యతరగతి ఇంటికీ అది అందుతుంది.

లెక్క ఎక్కడుంది?

మగ్గం మీద నిలువుగా సాగే దారాలు పడుగు. అడ్డంగా నాడెతో పోయేది పేక. పడుగు సిద్ధం చేయడమే పెద్ద పని. పట్టుకు రంగులద్దాలి, ఆసు పోయాలి, వేలాది పోగుల్ని ఒక్కొక్కటిగా పాత పడుగు కొసలకు అతకాలి. ఇంత శ్రమ ఒక్క చీర కోసం పడరు. పట్టుచీరల పడుగు సాధారణంగా మూడు చీరలకు, కొన్నిచోట్ల నాలుగింటికి సరిపడా ఉంటుంది. అందుకే ‘మాకు ఒక్కటే కావాలి’ అంటే నేతగాడు తటపటాయిస్తాడు. మిగతా రెండూ ఎవరు కొంటారన్నది ఆయన భయం.

ఆ మూడూ ఒకే ఇంటివాళ్లు తీసుకుంటే? పెళ్లికూతురికి ఒకటి, అమ్మకు ఒకటి, మేనత్తకో వదినకో ఇంకొకటి. పడుగు ఒకటే అయినా మూడు చీరలూ ఒకేలా ఉండాలని లేదు. ఎర్ర పడుగులో ఎర్ర పేక వేస్తే నిండు ఎరుపు. ఆకుపచ్చ పేక వేస్తే రెండు రంగులూ తొణికే డబుల్ షేడ్. నీలం పేక వేస్తే వంగపండు ఛాయ. కొంగు రంగునూ పేకతో మార్చుకోవచ్చు. అంచు మాత్రం మూడింటికీ దాదాపు ఒకటే.

డిజైను మార్చితే ఖర్చు

అంచు మీది నెమలి, కొంగులోని మామిడిపిందె జాకార్డు మీద పుడతాయి. ఫ్రాన్సులోని లయన్ నగరంలో జోసెఫ్ మేరీ జాకార్డు 1804లో రూపొందించిన పద్ధతి ఇది. డిజైనును గ్రాఫు గళ్లలో గీసి, దాని ప్రకారం అట్టలకు రంధ్రాలు కొడతారు. ఏ పోగు పైకి లేవాలో, ఏది కింద ఉండాలో ఆ రంధ్రాలే చెబుతాయి. కొన్నిచోట్ల ఇప్పుడు కంప్యూటరే ఆ పని చేస్తోంది. వధూవరుల పేర్లు కొంగులో నేయించుకునేదీ ఇలాగే. అయితే ప్రతి కొత్త డిజైనుకూ గ్రాఫు, అట్టల ఖర్చు అదనం. మగ్గానికి అప్పటికే ఉన్న అంచును ఎంచుకుని రంగులు మాత్రం మీకు నచ్చినవి చెబితే ఆ ఖర్చు మిగులుతుంది.

ధరను ఎక్కువగా పెంచేది జరీ. దీన్ని మార్కుల లెక్కన కొంటారు. మార్కంటే దాదాపు 240 గ్రాములు. అసలు జరీ అంటే వెండి తీగకు బంగారు పూత. తర్వాతి రకంలో వెండికి బదులు రాగి. అన్నిటికన్నా చౌకైనది ప్లాస్టిక్ పొర జరీ. కంటికి అన్నీ మెరుస్తాయి. ఏది వాడేదీ ముందే మాట్లాడుకుని కాగితం మీద రాయించుకోవాలి. జానెడు అంచు బదులు బెత్తెడు అంచు, ఒళ్లంతా బుటాల బదులు కొంగు దగ్గర మాత్రమే బుటాలు కోరితే జరీ తగ్గుతుంది, చీరా తేలికవుతుంది.

బేరం ఎక్కడ ఆడకూడదు?

మగ్గాల మీదున్న పట్టులో చాలావరకు మాస్టర్ వీవర్లదే. పట్టు, జరీ వాళ్లే ఇస్తారు, చీర వాళ్లే తీసుకుంటారు. నేతగాడికి మిగిలేది కూలి. ఇంటి ఆడవాళ్లు కండెలు చుట్టిన పనికి వేరే కూలి లెక్కకట్టేవాళ్లు తక్కువ. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం స్థాపించింది నేతగాళ్లు నిలదొక్కుకోవడానికే. 1954లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. సొంతంగా పట్టు కొనే స్తోమత లేక వాళ్ల చేతులు కట్టేసినట్టవుతోంది. నేరుగా చెప్పి నేయించుకునేవాళ్లు పట్టుకు సరిపడా అడ్వాన్సు ఇస్తే ఆ ముడి వీడుతుంది. తగ్గించుకోవాలంటే జరీలో తగ్గించుకోండి, డిజైనులో తగ్గించుకోండి. కూలిలో మాత్రం వద్దు.

అసలు పట్టేనా అన్న అనుమానం ఉంటే కొసన వేలాడే పోగు ఒకటి కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది. కొట్లో కొనేవాళ్లు సిల్క్ మార్క్ చూసుకోవచ్చు.

జాకెట్టు దగ్గర జాగ్రత్త

చీరలో మిగిల్చిన డబ్బు జాకెట్టు మింగేయకూడదు కదా! మగ్గం వర్క్ పేరులో మగ్గమున్నా అది నేత కాదు. గుడ్డను చట్రానికి బిగించి సూదితో చేసే కుట్టుపని. చట్రం మగ్గంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. నిఖా దుస్తుల మీద జర్దోజీ పనికీ ఇలాంటి చట్రమే వాడతారు. ఎంత మేర కుడితే అంత ఖర్చు. ముందు భాగం ఎలాగూ పైటలోకి పోతుంది. చేతులు, వీపు మెడ మీదే వర్క్ చేయిస్తే ఫొటోల్లో కనిపించేదంతా నిండుగానే ఉంటుంది. కొలతలు గీశాక వర్క్ చేయించి, ఆ తర్వాతే కత్తిరించాలి. పక్కల్లో అంగుళం గుడ్డ వదిలితే కొన్నేళ్లయినా అదే జాకెట్టు వేసుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం సమయం. రంగులద్దకం, పడుగు, నేత, ఆపైన జాకెట్టు... అన్నీ కలిపి మూడు నెలలైనా చేతిలో పెట్టుకోవాలి. వానలు పడితే గుంతమగ్గాల్లో చెమ్మ చేరి నేత ఆగుతుంది. శ్రావణంలో ముహూర్తమైతే వైశాఖంలోనే, మాఘంలో అయితే కార్తీకంలోనే మగ్గం దగ్గరికి వెళ్లండి. వెళ్లేముందు చుట్టాల్లో ఇంకో ఇద్దరికి పట్టుచీర అవసరముందేమో కనుక్కోండి. పడుగు నిండితే మీకూ కలిసొస్తుంది, నేతగాడికీ భయం తీరుతుంది.